స్టెల్లక్క రాగులమూట

జోసెఫన్న కారులో పొగ ఎందుకు వచ్చిందో తెలిసీ ఇన్నేళ్లు నేను చెప్పలేదు.

బంగారు గనులు మూతపడ్డాక మా గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో కార్లకు స్పీకర్లు బిగించేవాణ్ణి. ఆ రోజు అన్న కారు తలుపుల్లో స్పీకర్లు, సన్న శబ్దాన్నీ లావు శబ్దాన్నీ విడదీసే క్రాసోవర్లు కలిపి, తొందరలో ఆంప్లిఫయర్ వైరును ఫ్యూజు లేకుండానే బ్యాటరీకి తగిలించాను.

పాట పెట్టి బయలుదేరగానే పొగ కమ్మేసింది. ముందు సీట్లోంచి అన్నా నేనూ దూకేశాం. వెనక అన్న భార్య స్టెల్లక్క, ఒళ్లో పాప, పక్కన రాగులమూట. పిల్లలు తీయకుండా వేసే చైల్డ్ లాకు వల్ల లోపలి నుంచి తలుపు రాలేదు.

"తలుపు తియ్యప్పా!" అని అక్క అద్దం బాదుతుంటే బయటి నుంచి తీశాను.

"కార్లో రాగులమూట పెట్టొద్దంటే విన్నావా? ఎలుకలు వైరు కొరికేసినాయి!" అని అన్న అక్కను తిట్టాడు.

మొన్న వాళ్లింటికి వెళ్లి అన్న ఎదుటే చెప్పాను. "అక్కా, ఫ్యూజు నేనే ఎయ్యలేదు. నాకు రావాల్సిన తిట్లు నువ్వు పడినావు. మన్నించక్కా."