చూడని ఊరి నీళ్ళు

ఆ ఊరిని నేను ఈ రోజుకీ చూడలేదు. కానీ తొంభైల్లో, బహ్రెయిన్‌లోని మనామాలో బంగారం కొట్ల వెనక సందులో ఓ ట్రావెల్ ఆఫీసులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో, దాని గురించి తెలిసినంతగా నాకు మా సొంత ఊరి గురించి కూడా తెలియదు. చుట్టూ దేవదారు చెట్ల కొండలు, మధ్యలో ఇరుకైన లోయ, లోయలో చిన్న ఏరు. ఏటి ఒడ్డున అడుగడుక్కీ నేలలోంచి వేడినీళ్ళు తన్నుకొస్తాయి. ఒక్కో ఊటకు ఒక్కో వేడి, ఒక్కో రుచి. ఎప్పుడో తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ వచ్చిన కాపరి ఆ నీళ్ళను మొదట చూశాడట. తర్వాత రాజులొచ్చారు, రాజుల వెనక వైద్యులు, వైద్యుల వెనక హోటళ్ళవాళ్ళు వచ్చారు.

ఇదంతా మా యజమాని తెప్పించిన రంగుల పుస్తకంలో ఉండేది. ఆ ఊరున్న దేశం బయటివాళ్ళకు తలుపులు తీసి అప్పటికి కొన్నేళ్ళే అయింది. బహ్రెయిన్‌లో ఎండలు ముదిరేసరికి మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఆ చల్లదనం కోసం, ఆ నీళ్ళ కోసం వెళ్ళేవారు. వాళ్ళకు ఊరిని వర్ణించి చెప్పడం నా పని. పొద్దున్నే ఏ ఊట దగ్గర ఎన్ని గుక్కలు తాగాలో, తాగుతూ ఎంత దూరం నడవాలో వచ్చీరాని అరబ్బీలో, కొంచెం హిందీలో చెప్పేవాణ్ణి. నువ్వు వెళ్ళావా అని ఎవరైనా అడిగితే తల ఊపేవాణ్ణి. అబద్ధమాడినా అతికినట్టుండాలి అంటారు. నా అబద్ధానికి అతుకు కూడా కనపడేది కాదు.

అక్కడితో ఆగితే బాగుండేది. శుక్రవారం సెలవు. మా ఊరివాళ్ళు కొందరు సల్మాబాద్‌లో ఓ కంపెనీ క్యాంపులో ఉండేవారు. బస్సెక్కి వాళ్ళ దగ్గరికి వెళ్ళేవాణ్ణి. గదిలో రెండంతస్తుల మంచాలు, మధ్యలో గ్యాసు పొయ్యి, పొయ్యి మీద చింతపండు పులుసు. వాళ్ళలో ఒకాయన తాపీమేస్త్రీ. చుట్టరికం లేకపోయినా వరసకు బాబాయ్ అని పిలిచేవాణ్ణి. నేను బహ్రెయిన్‌లో అడుగుపెట్టిన కొత్తలో తన మంచం నాకిచ్చి నెల రోజులు కింద పడుకున్నాడు ఆయన.

వాళ్ళందరికీ నేను ఏసీ గదిలో కూర్చునే ఆఫీసరుని. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, ప్రతి శుక్రవారం ఆ ఊరి గురించి కోతలు కోసేవాణ్ణి. ఒకరోజు పుస్తకం చివరి పేజీలో ఉన్న సంగతి చెప్పాను. పాత కమ్యూనిస్టు ప్రభుత్వం ఉన్నప్పుడు గనుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళను అక్కడికి ఉచితంగా పంపేవారనీ, వాళ్ళ కోసం కట్టిన పెద్ద భవనమే ఇప్పుడు హోటలైందనీ.

"కూలోళ్ళనా?" అన్నాడు బాబాయ్.

"కూలోళ్ళనే. మూడు వారాలు. తిండీ పడకా అన్నీ వాళ్ళే చూసేవోళ్ళు."

"మరి ఫోర్‌మేను ఊరుకునేవోడా?"

గదంతా నవ్వింది. బాబాయ్ నవ్వలేదు. పొయ్యి కట్టేసి, తన రెండు చేతులూ నా ముందు చాపాడు. ఏళ్ళ తరబడి తడి సిమెంటులో నాని అరచేతులు బీటలు వారాయి. వేళ్ళ సందుల్లో పొక్కులు, పొక్కుల చుట్టూ ఎర్రటి పుండు. అన్నం కలుపుకోవడానికి చెంచా వాడుతున్నాడని అప్పుడే గమనించాను.

"ఈటిక్కూడా పనిచేత్తాయేంట్రా ఆ నీళ్ళు?"

పుస్తకంలో ఉన్నది కడుపు గురించి, కీళ్ళ గురించి. చర్మం మాట ఎక్కడా లేదు. తెలీదు బాబాయ్ అంటే సరిపోయేది. అంతమంది ముందు ఆ ఒక్క మాట నా నోట రాలేదు.

"చర్మానికే ముందు పనిచేస్తాయి" అన్నాను.

ఆ వారమే బుసైతీన్ నుంచి ఒక పెద్దావిడ టికెట్టు కోసం వచ్చింది. ఏటేటా వెళ్ళే మనిషి. ఖాలా అని పిలిచేవాణ్ణి, అంటే పిన్ని. మొహమాటపడుతూనే ఒక సీసా నీళ్ళు తెచ్చిపెట్టమని అడిగాను. ఎందుకని అడక్కుండా సరేనంది. బాబాయ్‌కి చెబితే ఆయన మొహం వెలిగిపోయింది.

జూలైలో కంపెనీ డాక్టరు బాబాయ్ చేతులు చూసి చీటీ రాసిచ్చాడు. సిమెంటు ముట్టకూడదు, గేటు దగ్గర కాపలా డ్యూటీ వేయాలి అని. ఫోర్‌మేను కూడా ఒప్పుకున్నాడు. గేటు మనిషి సెలవు మీద వెళ్తున్నాడు, చీటీ తెచ్చిస్తే నీ పేరు రాస్తానన్నాడు. బాబాయ్ ఆ చీటీని మడిచి తలగడ కింద పెట్టుకున్నాడు.

"తాపీ పట్టినోణ్ణి, కర్ర పట్టుకుని గేటు కాడ కూకోమంటారేంట్రా. ఇంకో రెండు నెల్లేగా. నీళ్ళొచ్చేత్తాయి" అన్నాడు. డాక్టరిచ్చిన పూతమందు కూడా మానేశాడు. రెండు మందులు ఒకదానికొకటి పడవట.

బాబాయ్, చీటీ ఇచ్చెయ్. ఈ మూడు మాటలూ నా నాలుక చివరిదాకా వచ్చాయి. అవి అంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే ఆ ఊరే నేను చూడలేదని ఒప్పుకోవాలి. ఆ శుక్రవారం పులుసన్నం తిని తిరిగొచ్చేశాను. తర్వాతి శుక్రవారమూ అంతే. ఈలోగా గేటు ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశారు.

సెప్టెంబరులో ఖాలా తిరిగొచ్చింది. పచ్చ సీసా ఒకటి బల్ల మీద పెట్టి, ఎవరికని అప్పుడు అడిగింది. చెప్పాను.

"ఇవి తాగే నీళ్ళు. కడుపుకు. పుండ్ల మీద పోయమని ఎవరు చెప్పారు?"

నేను సీసాను నా వైపుకు జరుపుకున్నాను.

"మా చిన్నప్పుడు ఇక్కడే మనామా దగ్గర పెద్ద ఊట ఉండేది. ఆడవాళ్ళం అందరం అక్కడే ఈదేవాళ్ళం. అది ఎండిపోబట్టి అంత దూరం పోతున్నాను గానీ, నీళ్ళ కోసం మనిషి విమానం ఎక్కుతాడా" అంటూ లేచింది. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగి, అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళు అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆసుపత్రికి కాదు, ఆ సీసా పట్టుకుని సల్మాబాద్‌కే వెళ్ళాను. బాబాయ్ స్నానం చేసి, కడిగిన స్టీలు గిన్నెతో సిద్ధంగా కూర్చున్నాడు. పుష్కరాల నీళ్ళు తెచ్చినట్టు గదిలోవాళ్ళందరూ చుట్టూ చేరారు. మూత తీస్తే తుప్పు వాసన వచ్చింది. చేతులు గిన్నెలో పెట్టగానే ఆయన పళ్ళు బిగించాడు.

"మండుతోందా?"

"మండుతోందంటే పని మొదలెట్టిందన్నమాట" అన్నాడు.

రోజుకో గ్లాసుడు చొప్పున సీసా అయిపోయేదాకా చేతులు నానబెట్టాడు, పగలంతా సిమెంటు పని చేస్తూనే. పదిహేను రోజులకు చేతులు వాచి చీము పట్టాయి. అప్పుడు ఆసుపత్రిలో చేర్చారు. ఇరవై రోజుల తర్వాత వేళ్ళు దక్కాయి గానీ పిడికిలి బిగుసుకోవడం మానేసింది. పనికి పనికిరాడని డాక్టరు రాశాడు. కంపెనీ ఖలాస్ అంది, ఇంటికి పొమ్మంది.

ఉద్యోగం వదులుతున్నట్టు కంపెనీ రాసిన కాగితాలు చదివి చెప్పడానికి నేనే వెళ్ళాను. కలం పట్టుకోలేకపోయాడు. సరే వేలిముద్ర వేయమన్నారు. సిరా అద్ది నొక్కిస్తే గీతల్లేని నల్లటి మచ్చ పడింది. రెండోసారీ మచ్చే. మూడోది ఎడమచేతి వేలు. అదీ మచ్చే. కంపెనీ గుమాస్తా విసుక్కుని, నన్ను సాక్షిగా సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. ఇంటికి టికెట్టు రాసింది కూడా నేనే, మా ఆఫీసులో, ఆ రంగుల పుస్తకం పక్కనే కూర్చుని.

విమానాశ్రయంలో ఆయన సామాను నేను మోశాను. లోపలికి వెళ్ళే చోట ఆగాం. చెప్పెయ్యాలని దారంతా అనుకుంటూనే వచ్చాను. నోరు తెరిచాను కూడా.

"బాబాయ్, ఆ నీళ్ళు..."

"నీళ్ళ తప్పేం లేదురా" అన్నాడు ఆయన, నన్ను ఓదారుస్తున్నట్టు. "నేనే ముదరబెట్టుకున్నాను. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అన్నారా. మీ ఖాలా వచ్చే ఏడు కూడా ఎల్తదిగా? ఇంకో సీసా తెప్పించి ఊరికి పంపు. ఈసారి కొంచెం పెద్దది."

"అలాగే బాబాయ్" అన్నాను.

బిగుసుకోని చెయ్యి నా భుజం మీద వేసి, జాగ్రత్తగా ఉండమని చెప్పి లోపలికి వెళ్ళాడు. ఆ తర్వాత రెండేళ్ళపాటు, ఊరి నుంచి వచ్చిన ప్రతి ఉత్తరంలోనూ ఆ సీసా గురించి అడిగించాడు.