పదోరోజు పెట్టిన చద్దరు

భవాని పేట్‌లో అంబాదాసు పోయి పది రోజులైంది. ముప్పై ఏళ్ళ కిందట సిద్ధరాములుకు సాంచా మగ్గం నడపడం నేర్పింది ఆయనే. పదోరోజున పోయినవాళ్ళ ఇంటికి కొత్త బట్టలు తీసుకెళ్ళి పెట్టడం ఆ నేతవాళ్ళలో ఆనవాయితీ. సిద్ధరాములు ఎర్ర చద్దరు పెట్టాడు.

అది కొత్తదే. కాకపోతే నడిమధ్యలో జానెడు మేర పేక పోగులు పడలేదు. నేస్తున్నప్పుడు కండెలో నూలు అయిపోయిన సంగతి సిద్ధరాములు చూసుకోలేదు. అమ్మకానికి పనికిరాని అలాంటి మాల్‌ను దసరాకు పనివాళ్ళ చేతుల్లో పెట్టి పండుగ కానుక అంటాడు కార్ఖానా సేఠ్. దేశమంతా కప్పుకొనే చద్దర్లు నేసేవాళ్ళ ఇళ్ళల్లో ఉండేవి ఇవే. అందుకు సిగ్గుపడాల్సింది సేఠ్. కానీ నీలం నగర్‌లోని తన గదిలో కూర్చొని, ఆ చోటు పైకి కనిపించకుండా మూడుసార్లు విప్పి మూడుసార్లు మడత పెట్టింది మాత్రం సిద్ధరాములే.

భోజనాలయ్యాక అంబాదాసు కోడలు కోమల్ వచ్చిన బట్టలు సర్దుతోంది. అంబాదాసు భార్య యమునాబాయికి చూపు మందగించింది. నలభై ఏళ్ళు కండెలు చుట్టిన వేళ్ళు మాత్రం ఊరుకోవు. అవి ఒక చద్దరు మీద ఆగిపోయాయి.

"ఏందే కోమల్, ఈడ పేక పోయింది. రెండు వేళ్లు దూరుతున్నయ్. ఇది నేసినోడు సాంచా ఇడిచిపెట్టి చాయ్ తాగనీకి పోయిండు పో!"

పది రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినిపించింది. సిద్ధరాములు కూడా నవ్వాడు.

"ఎవలు పెట్టిండ్రే ఇది?"

"రెండు చద్దర్లు వచ్చినయ్ అత్తా, రెండూ ఎర్రయే. ఒకటి రాములు కాకాది, ఇంకోటి బాలమణి మౌశీది," అంది కోమల్. "కాకా రోజూ చద్దర్లే నేస్తడు. ఖరాబ్ మాల్ ఆయన ఎట్ల తెస్తడు?"

అందరూ గడప పక్కన కూర్చున్న బాలమణి వైపు తిరిగారు. ఆమె బీడీలు చుట్టుకొని బతికే పక్కింటి మనిషి. ముఖం కందిపోయింది.

"అయ్యో అక్కా, ఆకు సంగతి అడుగు, తంబాకు సంగతి అడుగు, చెప్త. బట్ట సంగతి నాకేం సమజైతది? దుకాణపోడు ముంచిండు."

"పోనీ తియ్. నువ్వేం జేస్తవ్ పాపం," అంది యమునాబాయి.

సిద్ధరాములు నోట్లో సుపారీ ఉంది. అది నములుతూ నేల చూశాడు. తనదని ఒక్క మాట చాలు. ఇంకో వక్కపలుకు నోట్లో వేసుకున్నాడు.

కాసేపటికి లేచి బయటపడ్డాడు. సందు మలుపులో బాలమణి వెనకే వచ్చింది.

"అన్నా, రేపు కార్ఖానాకు పోయేముందు నాతోని దుకాణం దాక రా. బట్ట తెలిసినోనివి, నువ్వుంటే వాడు నోరు మూస్తడు. అంబాదాసు బావ దవాఖానల నాకు నెత్తురిచ్చిన మనిషి. ఆయన ఇంట్ల చెడిపోయింది పెట్టిన్నని పేరొచ్చె."

"దుకాణానికి పోవుడు అవుసరం లేదు బాలమణీ."

"ఏమిటికి?"

"ఆ చద్దర్ నాది."

ఆమె ఆగిపోయింది. "నీకు ముందుగాల ఎర్కనా?"

"ఎర్కే. కనవడకుంట మడిచి తెచ్చిన."

"మరి నేను గందరి ముంగట తల దించుకుంటే, ఎదురుంగ కూసొని సుపారీ నములుతున్నవ్ గదనే!"

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తిట్టలేదు.

"నడువు," అంది.

"రేపొచ్చి వదినెకు చెప్త. ఒట్టు."

"రేపు వదినె, కోమల్ తప్ప ఎవలుండరు. నా పరువు పోయింది ఇయ్యాల, ఇందరి ముంగట. వాళ్ళు లేవకముందే నడువు."

అతను ముందు, ఆమె వెనక. గుమ్మం దగ్గర సిద్ధరాములు చెప్పులు విడిచాడు. లోపల ఎవరూ లేవలేదింకా. చాయ్ తాగుతున్నారు.

"ఏం మర్సిపోయినవ్ రాములూ?" అంది యమునాబాయి.

"వదినె... బాలమణిది మంచిదే. ఆ చెడిపోయిన చద్దర్ నాది. నేసింది నేనే. ఎర్కుండే పెట్టిన."

చాయ్ తాగేవాళ్ళు గ్లాసులు దించారు. ఎవరూ కూర్చోమనలేదు. యమునాబాయి అతని గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది.

"గట్టిగ చెప్పు," అంది. "కోమల్ లోపలి అర్రల ఉన్నది, దానికి ఇనవడలే."

సిద్ధరాములు మళ్ళీ మొదటి నుంచి, ఈసారి గట్టిగా చెప్పాడు.