ఓబులేసు చెప్పిన క్లాంపు

దయ్యాలు, ఆత్మలు అంటే నమ్మే మనిషిని కాదు నేను. నా పనే లెక్కలు. ఫ్యాక్టరీల్లో ప్లాస్టిక్ పైపులు వేడికి, ఒత్తిడికి ఎక్కడ పగులుతాయో కంప్యూటర్‌లో ముందే చూసి చెప్పడం. మీరు ఇది నమ్మకపోయినా నాకేం బాధ లేదు. మీ స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

గార్లదిన్నె దగ్గర ఒక రసాయనాల ఫ్యాక్టరీ కడుతున్నారు. పేరు చెప్పను. అందులో యాసిడ్ పోయే ప్లాస్టిక్ లైనుకి స్ట్రెస్ అనాలిసిస్ చేసింది నేనే. ఎండకి ప్లాస్టిక్ పైపు ఇనుము కంటే ఎన్నో రెట్లు సాగుతుంది. అందుకే దాన్ని పట్టి ఉంచే క్లాంపులు కాస్త వదులుగా ఉండాలి, పైపు అటూ ఇటూ జరగాలి. ఇనుప పైపులకి అలవాటుపడ్డ ఫిట్టర్లకి ఇది బుర్రకెక్కదు. బలమంతా పెట్టి బిగించేస్తారు.

ఓబులేసుకి ఎక్కింది. యాడికి ఊరి వైపు మనిషి. వేరుశనగ వరసగా ఎండిపోయాక సేద్యం వదిలేసి ఫిట్టరు పనిలోకి వచ్చాడు. క్లాంపు బిగించేముందు మధ్యలో ఒక అట్టముక్క పెట్టేవాడు, బిగించాక లాగేసేవాడు. ఆ సందు చాలు. "పైపుకి కూడా ఊపిరాడల్ల గదా సార్" అనేవాడు. ఇన్నేళ్ల చదువూ అనుభవమూ ఉండి నాకు తట్టని ఉపాయం అది.

లైను పూర్తయ్యాక నీళ్లు నింపి, ఒత్తిడి పెట్టి పరీక్షించాలి. ఆ వేసవిలో నీళ్లెక్కడివి? బోర్లు ఎండిపోయాయి. ట్యాంకర్లన్నీ ఊళ్లకి తాగునీళ్లు తోలుతున్నాయి. వాటిని ఫ్యాక్టరీకి తిప్పుకుంటే జనం ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. పరీక్షకి ముందు రోజు సాయంత్రం సైటు మేనేజరు ఫోన్ చేశాడు. నీళ్లకి బదులు గాలితో పరీక్ష చేసుకోవచ్చా అని అడిగాడు.

చేయకూడదు. నీళ్లున్న పైపు పగిలితే నీళ్లు కారిపోయి ఊరుకుంటుంది. గాలి నింపిన ప్లాస్టిక్ పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి. నాకిది బాగా తెలుసు. కానీ ప్రతిదానికీ అడ్డుపడతాడని అప్పటికే నాకు పేరుంది. "తక్కువ ఒత్తిడితో చూసుకోండి, మనుషుల్ని దూరంగా పెట్టండి" అన్నాను. వద్దు అనలేదు. ఆ ఒక్క మాట అని ఉంటే ఇది రాయాల్సిన గతి పట్టేది కాదు.

మర్నాడు పొద్దున అనంతపురంలో నా ఆఫీసులో ఉన్నాను. ఎరువుల అంగడి పైన ఒకే గది. తలుపు తీసే ఉంది. తలెత్తితే గడప దగ్గర ఓబులేసు. పని వదిలేసి ఇంత దూరం ఎందుకొచ్చాడా అనుకున్నాను. కూర్చోమంటే కూర్చోలేదు. నీళ్లు ఇవ్వబోతే "ఉండనీ సార్" అన్నాడు.

"గోడ పక్క వంపు కాడ క్లాంపు బిగదీసినారు సార్. నేను లేని దినం వేసినారు. ఒకతూరి చూడండి."

ఎప్పటి గొంతే. నేను కంప్యూటర్ వైపు తిరిగి, ఆ క్లాంపు బిగుతుగా ఉందని మార్చి, లెక్క మళ్లీ నడిపాను. వంపు మొత్తం ఎర్రగా చూపించింది. పైపు ఓర్చుకోగలిగిన దానికంటే చాలా ఎక్కువ. ఫైలు సేవ్ చేసి వెనక్కి తిరిగేసరికి గడప దగ్గర ఎవరూ లేరు.

పరీక్ష ఆపమని చెప్పడానికి మేనేజరుకి ఫోన్ చేశాను. నాలుగోసారికి ఎత్తాడు. "ఓబులేసు పోయినాడు సార్" అన్నాడు. పదిన్నరకి గాలి పెట్టారట. జాయింట్లకి సబ్బునీళ్లు పూసి గాలి లీకవుతోందేమో చూడమని అతన్నే పంపారట. పదకొండు కాకముందే వంపు పగిలి ముక్క అతని మెడకి తగిలింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది.

నా ఫైలు మీద టైము పదకొండూ పది. ఇప్పటికీ అట్లాగే ఉంది. కింద అంగడి శెట్టిని అడిగాను. మెట్ల ముందరే కూర్చుంటాడు. "ఎవరూ పైకి పోలేదప్పా, నేను యాడికీ లేచి పోలే" అన్నాడు. తర్వాత విచారణలో గోడ పక్క క్లాంపు సందు లేకుండా బిగించి ఉందని తేలింది. ముందెప్పుడో ఓబులేసే చెబితే నేను మరిచిపోయానేమో అని ఫోన్లో కాల్స్, మెసేజులు అన్నీ వెతికాను. ఏమీ లేదు.

భయం వేయలేదు. దుఃఖం వేసింది, అది తగ్గడం లేదు. చచ్చిపోయాక కూడా పైపు సంగతి చెప్పడానికి వచ్చాడు ఆ మనిషి. బతికున్నవాణ్ణి నేనేమో ముందు రోజే చెప్పాల్సిన మాట మింగేశాను. ఇప్పుడు ఆ ఎర్ర వంపు చూసుకుని ఎవరికేం ఉపయోగం?

పదకొండో రోజు వాళ్ల ఇంటికి వెళ్లాను. అతని భార్య నాగమ్మకి అంతా చెప్పాను, మేనేజరుతో ఫోన్లో నేనన్న మాట తప్ప. ఆమె ఏడవలేదు. నా మొహంలోకే చూసింది.

"మీ కాడికొచ్చినాడా సార్? ఇంటికి రాలేదే. ఇన్ని దినాలూ వాకిలి తీసే పెట్టుకోనుండా. మీతో అంత పనేముండె ఆ మనిషికి?"

అతను ఎట్లా వచ్చాడో నాకు ఈ రోజుకీ అర్థం కాదు. ఎందుకొచ్చాడో మాత్రం తెలుసు, ముందు రోజు ఫోన్లో నేను అనని ఆ 'వద్దు' కోసం; అది ఆమెకి చెప్పకుండానే లేచి వచ్చేశాను.