1980 జనవరి 1న దిద్దిన ఫైలు

1999 ఫిబ్రవరిలో నన్ను హుస్సేనీ ఆలంలోని ఒక ప్రభుత్వ శిక్షణ కేంద్రానికి సిస్టమ్స్ ఆఫీసరుగా డెప్యుటేషన్ మీద పంపారు. డెప్యుటేషన్ అంటే జీతం ఒక శాఖది, చాకిరీ ఇంకో శాఖది. శాలిబండ దగ్గర బస్సు దిగి, నడిచి, రెండంతస్తుల మెట్లెక్కేసరికి సగం రోజు పని చేసినంత అలసట వచ్చేది. మిగతా సగం నిజంగా చేయాల్సి వచ్చేది.

కేంద్రంలో ఆడవాళ్లకు తెలుగు, ఉర్దూ టైపింగ్ కంప్యూటర్ల మీద నేర్పేవారు. ఏవో ఆఫీసులు వద్దనుకున్న పది పాత యంత్రాలు మాకు దక్కాయి. వాటిని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ కొనడానికి మంజూరు లేదు. ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సిస్టమ్‌ను మా అవసరానికి తగ్గట్టు మమ్మల్నే కట్టుకోమని ఉత్తర్వు. ఉత్తర్వు ఇచ్చినవారు ‘ఉచితం’ అన్న మాట వరకే చదివి సంతకం పెట్టారని నా అనుమానం.

కట్టడం అన్న మాట ఇక్కడ అతిశయోక్తి కాదు. సోర్స్ కోడ్ అంటే మనుషులు చదవగలిగేలా రాసిన పాఠం, వేల ఫైళ్లుంటాయి. వాటిని ఒక వరుసలో, ఒకదాని మీద ఒకటిగా, యంత్రం నడపగల రూపంలోకి మార్చాలి. ఉన్నవాటిలో కాస్త బలమైన యంత్రాన్ని ఈ పనికి కేటాయించాను. మొత్తం మొదటి నుంచి కడితే రెండు రోజులు పట్టేది, అదీ కరెంటు దయతలిస్తే. ఈ వ్యవస్థకు గుండెకాయ లాంటి భాగాన్ని కెర్నెల్ అంటారు. నేను రోజుకు పదిసార్లు ఆ మాట అనడం వల్ల కింద చాయ్ దుకాణం వాళ్లు నన్ను కర్నల్ సాబ్ అని పిలిచేవారు. నా ఛాతీ కొలత చూసి కూడా అనుమానించలేదు.

రెండు రోజుల నిరీక్షణ తప్పించే పనిముట్టు ఒకటుంది, దాని పేరు మేక్. అది ప్రతి ఫైలు తేదీ చూస్తుంది. పోయినసారి కట్టిన తర్వాత దిద్దిన ఫైళ్లను మాత్రమే మళ్లీ మారుస్తుంది, మిగతావాటి జోలికి పోదు. దాన్ని నమ్ముకుని, మొదటి నుంచి కట్టడం నిషేధం అని గోడ మీద కాగితం అంటించాను. ఆ కేంద్రంలో నేను సొంతంగా జారీ చేసిన ఆజ్ఞ అదొక్కటే.

చిక్కల్లా ఆ యంత్రం లోపల గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ చచ్చిపోవడం. కరెంటు పోయి వస్తే యంత్రం తనకు తాను 1980 జనవరి 1 అనుకునేది. కొత్త బ్యాటరీకి ఇండెంటు పెడితే మూడు కొటేషన్లు తెమ్మన్నారు. అందాకా ఒక రిజిస్టరు పెట్టాను. యంత్రాన్ని ఎవరు ఆన్ చేసినా వెంటనే తేదీ, సమయం సరిచేసి, ఆన్ చేసినందుకు ఒక సంతకం, సరిచేసినందుకు ఇంకో సంతకం పెట్టాలి.

నాతో పాటు పనిచేసిన ప్రోగ్రామరు అనసూయ. ఛత్రినాక మనిషి, నాలుగేళ్లుగా కాంట్రాక్టు మీద ఉంది. వాళ్ల నాన్న ఉర్దూ మీడియంలో చదువుకున్నాయన కావడంతో ఆమెకు రెండు లిపులూ వచ్చు. నాకు ఒకటే వచ్చు, అదీ నా దస్తూరిలో ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆమె కాంట్రాక్టు ఏటా మే నెలాఖరుకు ముగిసేది. సిస్టమ్స్ ఆఫీసరు అభిప్రాయం చూసి పైవాళ్లు పొడిగించేవారు. ఈసారి ఆ అభిప్రాయం నాది.

మే నెలలో ఉర్దూ టైపింగులో ఒక దోషం బయటపడింది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాస్తారు. చివరి అక్షరం చెరపమని మీట నొక్కితే మా సిస్టమ్ మొదటి అక్షరాన్ని చెరిపేది. ఎవరైనా పేరు రాసి తప్పు దిద్దుకోబోతే పేరే తల లేకుండా మిగిలేది. దాన్ని దిద్దే పని అనసూయకు అప్పగించాను. మూడు రోజులు కూర్చుని ఆ ఫైలు దిద్ది, “అయింది సార్, ఇగ మీరు కట్టుండ్రి” అంది. తుది కట్టుబడి నేనే చేయాలన్నది నియమం. చేశాను. గంటన్నర పట్టాల్సింది పది నిమిషాల్లో అయిపోయింది. నా ఏర్పాట్ల ఘనతే అనుకుని, ఫ్లాపీల మీదికెక్కించి పది యంత్రాల్లోనూ వేయించాను. మర్నాడే తనిఖీ కాబట్టి పరీక్షించే తీరిక చూసుకోలేదు.

తనిఖీకి వచ్చిన జాయింట్ డైరెక్టరు కుర్చీలో కూర్చుని తన పేరు ఉర్దూలో కొట్టారు. చివరి అక్షరం తప్పు పడితే చెరిపే మీట నొక్కారు. మొదటి అక్షరం పోయింది. మళ్లీ నొక్కారు, రెండోది పోయింది. ఇది సరిచేశామని రాశారు కదా అని నెమ్మదిగా అడిగి, సాయంత్రానికి రాతపూర్వకంగా సంజాయిషీ ఇమ్మన్నారు. ఇచ్చాను. ‘సదరు సవరణను ప్రోగ్రామరు చేయలేదు’ అన్నది అందులో రెండో వాక్యం. మొదటి వాక్యం నన్ను నేను కాపాడుకోవడానికి రాసినది, అది గుర్తు పెట్టుకోదగ్గది కాదు.

నాలుగో రోజు అనసూయ నా బల్ల ముందుకొచ్చి నిలబడింది.

“నేను చెయ్యలేదని రాసిన్రంట గద సార్.”

ఆమె గొంతు పెంచలేదు. పని జరిగుంటే యంత్రంలో కనబడేది కదమ్మా అన్నాను. ఫైలు తెరిచి చూడమంది. తెరిచాను. సవరణ అక్షరం పొల్లుపోకుండా ఉంది. అయినా నా బుర్ర అటు పోలేదు. తనిఖీ అయ్యాక చేర్చి ఉండొచ్చు అనేశాను.

“తర్వాతనా? తారీఖు చూడుండ్రి మరి.”

చూశాను. 1980 జనవరి 1.

“గప్పుడు నేను నాలుగో తరగతి సార్. బడి ఎగ్గొట్టి వచ్చి దిద్దిన్నా ఏంది?”

నవ్వబోయి ఆగాను. ఆమె నవ్వడం లేదు. రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టింది. ఆమె ఫైలు దిద్దడం ముగించిన రోజు మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. ఆ సమయంలో ఆమె భోజనానికి వెళ్లి ఉండడంతో యంత్రాన్ని ఆన్ చేసింది నేను. మొదటి గడిలో నా సంతకం ఉంది, వంకరగా, తీరిగ్గా. రెండో గడి ఖాళీ. తేదీ నేను సరిచేయలేదు. ఆమె తిరిగొచ్చి దిద్దిన ఫైలు మీద పందొమ్మిదేళ్ల కిందటి ముద్ర పడింది. మేక్ దాన్ని చూసి పాతదే కదా అనుకుని వదిలేసింది. పది నిమిషాల్లో పని ముగియడం వెనుక ఘనత అదీ.

ఎస్టాబ్లిష్‌మెంటు సూపరింటెండెంటు ముక్తార్ గారి గది కిందే. మనుషుల ఫైళ్లన్నీ ఆయన దగ్గరుంటాయి. విషయం చెప్పి, నా సంజాయిషీ వెనక్కి ఇమ్మని అడిగాను.

“వాపస్ ఎట్లిస్త సాబ్? నంబరు పడ్డది. పైకి పోయింది, నిన్ననే ఆర్డర్ గూడ వచ్చేసింది. ఆమెకు పొడిగింపు లేదు.”

అయితే నాదే తప్పని ఇంకో నోట్ రాస్తానన్నాను.

“రాయుండ్రి, నాకేం ఫికర్ లేదు. ఫైల్ల పెడ్త. గని ఆర్డర్ నిన్నటిది, మీ నోట్ ఇయ్యాల్టిది. ఇయ్యాల్టి కాగితం చూపెట్టి నిన్నటి ఆర్డర్‌ను ఎట్ల ఆపుమంటరు కర్నల్ సాబ్?”

మేక్ కొత్త తేదీకి విలువిస్తుంది. ఆఫీసు పాత తేదీకి. ఆ రెంటి మధ్య అనసూయ పడింది.

నోట్ రాసి జాయింట్ డైరెక్టరు దగ్గరికి నేనే పట్టుకెళ్లాను. ‘సాంకేతిక కారణాల వల్ల’ అని రాస్తే సరిపోతుంది కదా, పేరెందుకు అని ఆయన సలహా ఇచ్చారు. ఆ మాట ఎంత హాయిగా వినిపించిందో ఒప్పుకోవాలి. కానీ అలా రాస్తే మొదటి నోట్‌లోని ఆమె పేరు అలాగే ఉంటుంది. రిజిస్టరు పేజీ నకలు జత చేసి, తేదీ సరిచేయనిది నేనేనని రాశాను. ఇకపై జాగ్రత్త వహించవలెనని నాకొక మెమో వచ్చింది. అనసూయను ఆగస్టులో మళ్లీ తీసుకున్నారు, అయితే కొత్త నియామకంగా. వెనకటి నాలుగేళ్లు లెక్కలోంచి పోయాయి. కాంట్రాక్టు వాళ్లను పర్మనెంటు చేసిన ఏడాది మొదటి జాబితాలో ఆమె పేరు లేదు. రెండో జాబితా దాకా ఆగింది. నేను రెండుసార్లు పైకి రాశాను. రెండుసార్లూ నియామక తేదీయే ప్రమాణమని జవాబిచ్చారు. ఆమె నన్ను మళ్లీ ఆ సంగతి అడగలేదు. అడిగి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

బ్యాటరీ శాలిబండలో వాచీలు బాగుచేసే దుకాణంలో దొరికింది. ఆమె లేని ఆ రెండు నెలల్లో నేనే కొని వేశాను. గోడ మీది కాగితం కూడా తీసేశాను.

నేర్చుకున్నది చెప్పమంటే చెప్పడానికి పెద్దగా లేదు. ఒకరు పని చేయలేదని రాసే ముందు, అంతా చెరిపేసి మొదటి నుంచి ఒకసారి కట్టి చూడాలి. రెండు రోజులు పడుతుంది. పట్టనివ్వాలి.