క్యాజువాలిటీ తలుపు తెర్సినంక

క్లాసుకు పోతే సమోసా ఇస్తరు, చాయ్ ఇస్తరు, పోయేటప్పుడు సర్టిఫికెట్ ఇస్తరు. మనిషినే ఇయ్యరు. గీ మాట నేను కోపంల అంటున్న అనుకుంటరేమో, అవ్, కోపంలనే అంటున్న.

ఇబ్రహీంపట్నంల సాగర్ రోడ్డు మీద ఒక చిన్న ప్రైవేటు దవాఖానల నేను నర్సును. ముందట మందుల దుకాణం, ఎన్క క్యాజువాలిటీ, పైన వార్డు. పగటి డ్యూటీల క్యాజువాలిటీకి ఒక డాక్టరమ్మ, నేను, సిలిండర్లు స్ట్రెచర్లు చూసుకునే ఒక అన్న. గంతే. అన్న చాయ్‌కి పోతే ఇద్దరమే. ఇంకో నర్సును పెట్టమని దవాఖాన నడిపే సేటును అడిగి అడిగి నా నోరు నొప్పి పెట్టింది గని ఆయన చెవుల మీద పేను పారలే.

క్లాసులకు మాత్రం తప్పకుండ పంపిస్తరు. నర్సు రిజిస్ట్రేషన్ రెన్యువల్ కావాలంటే ఇన్ని గంటలు క్లాసుల కూసోవాలని రూలు. నాకు క్లాసులంటే పడదని కాదు, ఇష్టమే. నేను చదువుకున్న కాలంల గుండె ఆగినోనికి చేసిన పనుల్ల సగం ఇప్పుడు ఎవ్వరు చేస్తలేరు. ఛాతీ గట్టిగ నొక్కాలె, ఆపకుండ నొక్కాలె, షాక్ తొందరగ ఇయ్యాలె, గుండె మళ్ల కొట్టుకున్నంక అసలు పని అప్పుడే మొదలు. ఇవన్ని నేను క్లాసుల మనిషి బొమ్మ మీద మళ్ల మళ్ల నొక్కి నేర్చుకున్న. చేతులు గుంజేవి గని మనసుకు మంచిగనిపిస్తుండె.

పోయినేడు పట్నంల అయిన క్లాసుల ఒక పెద్ద డాక్టరు కొత్త సంగతి చెప్పిండు. గుండె ఆగిన మనిషికి పని చేస్తున్నప్పుడు ఇంటోళ్లను బయటికి నెట్టొద్దట. ఒక్కలనో ఇద్దరినో లోపట నిలవెట్టాలెనట. మనం పడే కష్టం కండ్లార చూస్తే, మనిషి దక్కకున్నా వాళ్లకు ఆ దుఃఖం జర తట్టుకునేటట్లయితదట, మావోణ్ణి పట్టించుకోలేదన్న అనుమానం ఉండదట.

ఆ మాట నాకు గుండెల దిగింది. ఇన్నేండ్లు ఎంతమంది తల్లుల రెక్కలు పట్టి బయటికి గుంజినమో! లోపట నేను నొక్కుతుంటే బయట తలుపు దబదబ కొట్టేటోళ్లు. ఆ సప్పుడు ఇంటికి పోయి అన్నం ముందట కూసున్నా ఇనొస్తుండె.

ఆ డాక్టరే ఇంకో మాట కూడ అన్నడు. లోపట నిలవెట్టిన ఇంటోళ్ల పక్కన మన మనిషి ఒకలు ఉండాలె, వాళ్లకు ఇంకే పని చెప్పొద్దు, ఏం జరుగుతుందో వాళ్లకు చెప్పుకుంట, పట్టుకోని నిలవడాలె, గంతేనని. నా పక్కన జల్‌పల్లి దిక్కు నుంచొచ్చిన నర్సు కూసుంది. "గా మనిషిని సర్టిఫికెట్‌తోని పాటు ఇస్తరేమో అడుగక్కా" అన్న. ఆమె చున్నీ నోటికి అడ్డం పెట్టుకోని కిసుక్కున నవ్వింది.

మా డాక్టరమ్మ చిన్న పిల్ల, మంచి మనసు. ఆమె కూడ గదే క్లాసు ఫోన్ల ఇన్నదట. "మనం గూడ తలుపు తెరుద్దాం సిస్టర్" అన్నది. "ముగ్గురమే గద మేడం" అన్న. "చూద్దాం" అన్నది. గట్ల అనుకున్నం.

యాచారం నుంచి నేను రోజు వచ్చేది ఒక అన్న ఆటోల. ఉన్న భూమి ఫార్మా కంపెనీలకు పోతే వచ్చిన పైసలతోని ఆటో కొన్నడు. శేరిగూడ కాలేజీ పిల్లలను ఎనుక కుక్కుకోని, ముందు సీటు మాత్రం నాకు ఆపి పెట్టేటోడు. మస్తు మాట్లాడేటోడు. "అక్కా, నీకు మొక్కుత, నన్ను మాత్రం మీ దవాఖానకు తేవొద్దు, మీ సూదులు చూస్తేనే నా పానం పోతది" అనేటోడు. "నీ నోరు చూస్తే ఆ సూదే భయపడ్తది తియ్ అన్నా" అనేదాన్ని. ఇద్దరు ఆడపిల్లలు, భార్య, తల్లి. ఆ ఇల్లంత ఆ ఒక్క ఆటో మీదనే నడుస్తుండె.

ఒక దినం ఆయన ఆటో నాకు అందలేదు, బస్సుకు వచ్చిన. ఆ పొద్దున నుంచే ఆటో అన్నకు ఛాతీల మంట. మా దిక్కు ఛాతీల ఏమైనా గ్యాసే. ఎవరిని అడిగినా గ్యాసే అంటరు, సోడా తాగమంటరు. ఆయన కూడ సోడా తాగి రెండు మల్కలు మనుషులను ఎక్కించుకోని తిరిగిండు. పగటీలి అన్నానికి ఇంటికి పోయినంక చెమటలు పోసినయి. భార్య ఏడ్సి మొత్తుకుంటే ఇంకో డ్రైవరు బండ్లె ఎక్కిండు. తల్లి, భార్య ఎంబడి వచ్చిన్రు.

మా గేటు కాడ దిగినప్పుడు ఆయన నడిచే వచ్చిండు. నన్ను చూసి "తెచ్చిన్రక్కా నన్ను" అన్నడు, నవ్వబోయిండు. స్ట్రెచర్ మీద పండవెట్టి వైర్లు అంటివెట్టినమో లేదో, కండ్లు పైకి పోయినయి. మానిటర్ తెరమీద గీత పిచ్చిపిచ్చిగ ఊగింది. నాడి చూసిన, లేదు.

స్టూలెక్కిన. ఛాతీ నొక్కిన. డాక్టరమ్మ షాక్ ఇచ్చింది. మళ్ల నొక్కిన. సిలిండర్ అన్న నేను అలిసినప్పుడు నొక్కిండు. నడుమల డాక్టరమ్మ తలుపు దిక్కు చూసి "లోపటికి రానియ్యిండ్రి" అన్నది. తల్లి, భార్య వచ్చి గోడకు ఆనుకోని నిలవడ్డరు. ఏడ్వలేదు కూడ. తల్లి రెండు చేతులు జోడించి నా దిక్కే చూస్తుంది, నేనేదో దేవత అయినట్లు.

రెండో షాక్‌కు నాడి వచ్చింది. నా చేతి ఏళ్ల కింద టక్కుటక్కుమని కొట్టుకుంటుంటే నాకు గంతులెయ్యాలనిపించింది. డాక్టరమ్మ కండ్లల్ల నీళ్లు. ఇంత చిన్న దవాఖానల, ఇంత తక్కువ మందితోని ఒక మనిషిని గుంజుకొచ్చినం! బొమ్మ మీద నేర్చుకున్నది బొమ్మ కాడనే ఆగిపోలేదని మొదటిసారి అనిపించింది.

"ఏమైంది బిడ్డా?" అని తల్లి అడిగింది. డాక్టరమ్మ క్లాసుల చెప్పినట్లే నిజం చెప్పింది. "అవ్వా, గుండె ఆగిపోయింది. ఇప్పుడు మళ్ల కొట్టుకుంటుంది. ఊపిరి ఆయనే పీలుస్తున్నడు గని తెలివి రాలేదు. ఇంకా ప్రమాదమే. పట్నం పంపిస్తం" అన్నది. ముసలామె తల ఊపింది. ఇంటున్నది అనుకున్నం.

ఇగ ఎవరి పని వాళ్లకు. డాక్టరమ్మ పట్నంల గుండె దవాఖానకు ఫోన్ చేస్తుంది. సిలిండర్ అన్న అంబులెన్స్‌కు ఇంకో సిలిండర్ తేవడానికి పోయిండు. నేను అల్మారా దిక్కు తిరిగి సూదిమందు సీసా విరిచి సిరంజిల గుంజుతున్న. నా ఎనుక ప్లాస్టిక్ బాటిల్ నొక్కిన సప్పుడు అయింది.

తిరిగి చూసేసరికి ఆక్సిజన్ మాస్కు గదవ కిందికి జరిపి ఉంది. భార్య ఆయన తల ఎత్తి పట్టుకుంది. తల్లి బాటిల్‌తోని నోట్ల నీళ్లు పోస్తుంది. రెండు చుక్కలు కాదు, దూపగొన్నోనికి పోసినట్లు పోస్తుంది.

"అవ్వా!" అని ఒర్రిన. బాటిల్ గుంజుకున్న. ముసలామె నన్ను చూసి ఎంతో నెమ్మదిగ అన్నది, "నీళ్లకోసమే మళ్ల వచ్చిండు బిడ్డా నా కొడుకు."

మా దిక్కు పోయే మనిషి నోట్ల నీళ్లు పొయ్యాలె. చావింట్ల మొదలు అడిగేదే గది, ఎవరి చేతి నీళ్లు తాగి పోయిండని. నోరెండి పోయినోని గురించి ఏండ్లకేండ్లు చెప్పుకుంటరు. ముసలామె మొగడు పట్నంల ఒక ఐసీయూల పోయిండట. తలుపు అవతల ఈమె బాటిల్ పట్టుకోని కూసుంటే ఎవ్వరు రానియ్యలేదట. కొడుకు గుండె ఆగిందంటే ఆమెకు అర్థమైంది ఒకటే, పోయిండని. మళ్ల కొట్టుకుంటుందంటే అర్థమైంది గూడ ఒకటే, నీళ్లకోసం తిరిగొచ్చిండని. డాక్టరమ్మ చెప్పిన మిగతా మాటలు ఆమెకు ఇనవడలేదు. పక్కన నిలవడి చెయ్యి పట్టుకోని చెప్పే మనిషి మాకు లేడు.

తెలివిలేని మనిషి మింగలేడు, నీళ్లు ఊపిరితిత్తులకు పోతయి. గొంతుల గురగుర అయింది. ఆక్సిజన్ అంకె దిగుడు మొదలైంది. నేను పైపు పెట్టి నీళ్లు గుంజిన, డాక్టరమ్మ గొంతుల ట్యూబు ఏసింది. అంబులెన్స్ ఎక్కించేటప్పుడు నాడి అయితే ఉంది.

పట్నంల గుండె రక్తనాళం మంచిగనే తెరిసిన్రట. ఊపిరితిత్తులు మాత్రం మాట ఇనలేదు. జరాలొచ్చినయి, మిషన్ మీదనే కొన్నాళ్లుండి పోయిండు. నీళ్లతోనే పోయిండని నేను చెప్పలేను. నీళ్లు పొయ్యకుంటే బతికేటోడని గూడ ఎవ్వరు చెప్పలేరు. ఒకసారి ఆగిన గుండె ఎవరి చేతుల ఉంటది? గని నా ఏళ్ల కింద ఆ నాడి కొట్టుకున్నది నాకు తెలుసు. అది మరుపుకు వస్తలేదు.

దినాలు అయినంక ఆయన భార్య కాయితాల కోసం దవాఖానకు వచ్చింది. నన్ను పక్కకు పిలిచింది. "పట్నంల పెద్ద డాక్టరు నన్ను తిట్టిండక్కా, నీళ్లు ఎవరు పోసిన్రని. నేనే పోసినని చెప్పిన. నీళ్లతోని ఖరాబైందని మా అత్తకు చెప్పకక్కా, తెలిస్తే ఆ ముసలిది బతకదు" అన్నది. మొగడు పోయిన బాధ ఒకటి, ఈ మూట ఇంకొకటి ఎత్తుకోని పోయింది ఆ పిల్ల.

ఈ ఏడు మళ్ల క్లాసుకు పోయిన. తెరమీద గదే మాట వచ్చింది, ఇంటోళ్ల పక్కన మన మనిషి ఒకలు. నేను లేచి నిలవడి అడిగిన, "సార్, ఆ ఒక్కలు లేని దవాఖానల తలుపు తెర్వాల్నా, ముయ్యాల్నా?" హాల్ల అందరు నా దిక్కు తిరిగిన్రు. "మంచి ప్రశ్న" అన్నడు సార్. వనరులు తక్కువ ఉన్నకాడ ఉన్నదాంట్లనే సర్దుకోవాలె అన్నడు. తెరమీద తర్వాతి స్లైడుకు పోయిండు. చెప్పేటోనికి ఇనేటోడు లోకువ అని ఊకనే అనలేదు.

ఇప్పుడు మా తలుపుకు మళ్ల గొళ్లెం. డాక్టరమ్మనే పెట్టమన్నది, నా మొహం చూడకుండ. తలుపు మూస్తే ఆ ముసలామె మొగని కాడ ఏడ్సినట్లు ఇంకో ఆడిది ఏడుస్తది. తెరిస్తే ఏమైతదో చూసినం. ఎటు పోయినా గోడనే. పని మానేద్దాం అని ఎన్నిసార్లు అనుకున్ననో. మానేస్తే ముగ్గురంకాడ ఇద్దరయితరు, గంతే.

మొన్న ముసలామె బీపీ గోలీలకు వచ్చింది, కోడల్ని తోలుకోని. బెంచీ మీద ఆడోళ్లకు కొడుకు ముచ్చట చెప్తుంది. ఏడుస్తలేదు. "మా ముసలాయన లెక్క నోరెండి పోలేదమ్మా నా కొడుకు. నా చేతి నీళ్లు కడుపునిండ తాగే పోయిండు. నమ్మకుంటే ఈ బిడ్డనడుగుండ్రి, ఆడనే ఉండె" అని నన్ను చూపెట్టింది. బెంచీల ఉన్నోళ్లందరు నా దిక్కు చూసిన్రు. కోడలు తల వంచుకుంది.

"గుటక పడ్డది గద బిడ్డా?"

"పడ్డదవ్వా" అన్న. "మంచిగ మింగిండు."

"ఎంత పున్నెం చేసుకున్నవో పెద్దమ్మా" అన్నరు ఆడోళ్లు. ముసలామె కొంగుతోని మొహం తుడుసుకోని, బీపీ చూడమని కుడిచెయ్యి నా ముందట చాపింది. ఆ చేతికే నేను పట్టీ చుట్టిన.