మా మామ చదవమన్న కాగితాలు

చదవని కాగితం మీద తీర్పు చెప్పినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? నేను చెప్పాను. మొన్న మంగళవారం పొద్దున సూరత్‌లో మా మామ కన్నుమూశాడు. మా అమ్మకు తమ్ముడు, నాకు మరమగ్గం నేర్పిన గురువు.

ఊరి నుంచి వచ్చిన కొత్తలో ఖటోదరా పేటలోని మగ్గాల కార్ఖానాలో ఆయన పక్కనే పనిచేశాను. మగ్గం ఆగితే నేను దాన్ని తన్నేవాణ్ణి. ఆయన వంగి, పోగు పట్టి, కొసను నాలుకతో తడిపి ముడి వేసేవాడు. "ఆగినదాన్ని తిడితె నడువదు అల్లుడా. తెగిన పోగు ఏడున్నదో సూడు" అనేవాడు. బడికి పోని నాకు అక్షరాలు కూడబలుక్కునే ధైర్యం ఇచ్చిందీ ఆయనే. తర్వాత నేను హిందీ గ్రంథం పట్టుకుని ఆదివారం సత్సంగంలో ప్రవచనం చెబుతూ గొంతు చించుకుంటుంటే వెనక వరుసలో కూర్చునేవాడు. అయ్యాక సాసర్‌లో చాయ్ పోసి ఇస్తూ, ఇవాళ దేవుడికి కూడా చెవులు నొప్పి పెట్టి ఉంటాయనేవాడు.

మగ్గాల మధ్య చెప్పులు లేకుండా తిరిగే మా అందరి అరికాళ్లూ నల్లగానే ఉంటాయి. షిఫ్టు దిగాక కిరోసిన్ గుడ్డతో తుడుచుకోవడం అలవాటు. మామ తన మడమ మీది మచ్చను ఏడాది పాటు అలాగే రుద్దాడు, నూనె జిడ్డనుకుని. పుండు పడ్డాక తెలిసింది, అది మెలనోమా అని, చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్ అని. మడమ కోశారు. గజ్జల్లో తేలింది, తర్వాత ఊపిరితిత్తుల్లో. ఒంటి సొంత బలాన్ని లేపే ఇంజెక్షన్లు కొన్ని నెలలు దాన్ని ఆపాయి. తర్వాత అవీ పనిచేయలేదు.

అప్పుడు డాక్టరమ్మ ఒక కాగితాల కట్ట ఇచ్చింది. మొదటి మందులు లొంగదీయని జబ్బుకు కొత్త మందు ఇచ్చి చూస్తున్నారట, ఇష్టమైతే చేరవచ్చట, తొందరగా చెప్పాలట. హిందీలో ఉన్న ఆ కట్టను, ఆ లిపి రాని మామ నా చేతిలో పెట్టి చదివి చెప్పమన్నాడు. మొదటి పేజీలో పరీక్ష అన్న మాట చూసి మండిపోయాను. ఆత్మకు చావు లేదని ఏళ్లుగా అరిచిన నోటితోనే, మనిషిని ఎలుకను చేస్తారా అని అరిచాను. ఇల్లంతా నా మాటే విన్నది. మామ మాత్రం మెల్లగా అన్నాడు: "మొన్నటిదాక నన్ను నిలవెట్టిన సూది గూడ, ఎవరో ఒకరు ముందుగాల ఏసుకుంటెనే గద నాదాక వచ్చింది. జర మొత్తం సదువు."

మూడు వారాలు చదవలేదు. ఆయన మంచం దగ్గరికి గ్రంథమే తీసుకెళ్లాను. చివరికి ఒక మధ్యాహ్నం ఆయన నా చేతిలోని గ్రంథం తీసుకుని, కళ్లకద్దుకుని, పక్కన పెట్టి, కట్ట అందించాడు. పైకి చదివాను. మేలు జరగకపోవచ్చని రాసి ఉంది. ఎప్పుడైనా మానుకోవచ్చని, మానుకున్నా మామూలు వైద్యం ఆపరని రాసి ఉంది. అంత నిజాయితీగా నేనేనాడూ ప్రవచనం చెప్పలేదు.

"గింతేనా? గీ మాత్రం దానికి అంత ఒర్రినవా?" అని నవ్వాడు. చేరతానన్నాడు.

మరునాడే వెళ్లాం. చేర్చుకునే ముందు తీసిన స్కాన్‌లో మెదడులోనూ గడ్డలు కనిపించాయి. అలాంటివాళ్లను ఈ పరీక్షలోకి తీసుకోరు. మూడు వారాల ముందు వచ్చి ఉంటే అని అడిగాను. తెలియదంది డాక్టరమ్మ. చేరితే బతికేవాడని నేనూ అనను, ఆ కాగితమే అనలేదు. కానీ తేల్చుకునే వంతు ఆయనది. ఆ వంతును నేను మింగేశాను.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నా మోకాలి మీద చెయ్యి వేసి, "నీకు సదువొచ్చింది గని, ఓపిక రాలే అల్లుడా" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే కొంచెం తేలికయ్యేది.

నిన్న ఊరి చివర జోల్వా నుంచి, నా సత్సంగానికి వచ్చే ఒకాయన వచ్చాడు. ఆసుపత్రిలో ఉన్న భార్యకు ఇచ్చిన కాగితాలు నా ఒళ్లో పెట్టి, నువ్వెట్ల చెప్తే అట్ల అన్నాడు. లేచి, చెప్పులు వేసుకుని, ఆయన్ని ఆసుపత్రికే తీసుకెళ్లాను. మా ముందు ఆ డాక్టరు ఒక్కో పేజీ తిప్పుతుంటే, ఆ ఇల్లాలు తన వేలితో ప్రతి వరుసా వెంబడించింది.

మీ ఇంట్లోనూ అలాంటి కట్ట ఉంటే నాలాంటివాళ్ల కోసం ఆగకండి. ఇచ్చినవాళ్ల దగ్గరికే పోయి, మన భాషలో చివరి పేజీ దాకా చెప్పించుకోండి. జబ్బుపడ్డ మనిషినే తేల్చుకోనివ్వండి. ఆదివారం దాకా ఎందుకు? ఇవాళే లేవండి.