చూపులేని పెద్దాయన చూసిన పలక

మార్కాపురంలో పలకల గురించి ఒక చిన్న మ్యూజియం పెట్టినప్పుడు, వచ్చినవాళ్లకు వివరాలు చెప్పే ఉద్యోగం నాకు దొరికింది. తెరిచిన కొత్తలోనే ఒక మేడమ్ వచ్చి మాకు శిక్షణ ఇచ్చింది. మాకు అంటే నాకూ, వాచ్‌మన్‌కూ.

"సందర్శకుల మనసు కదిలించాలి. అందరినీ కలుపుకుపోవాలి" అంది. మనసు ఎక్కడెక్కడ కదలాలో కాగితం మీద రాసి కూడా ఇచ్చింది. గని కార్మికుల ఫోటో దగ్గర గొంతు తగ్గించాలి, ఆపైన ఐదు సెకన్లు మౌనం. అందరినీ కలుపుకోవడానికి "అందరికీ స్వాగతం" అని బోర్డు రాయించింది. దాని కింద ఉన్న "వస్తువులను తాకరాదు" బోర్డు జోలికి మాత్రం పోలేదు.

వారం తిరక్కుండానే ఒక ముసలాయన కూతురి చెయ్యి పట్టుకుని వచ్చాడు. ముప్పై ఏళ్లు పలకలు కోసిన మనిషి. ఇప్పుడు చూపు లేదు. నేను ఫోటో దగ్గర నిలబడి, నేర్చుకున్న దుఃఖమంతా గొంతులోకి తెచ్చుకుని మొదలుపెట్టాను. మౌనం దగ్గరికి వచ్చేసరికి ఆయన కంగారుపడ్డాడు.

"ఏంది నాయనా, ఎవరన్నా పోయినారా?"

కూతురు నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఒక పలక చేతికియ్యి సామీ. మేము కోసిందే గదా" అన్నాడాయన.

వాచ్‌మన్ బోర్డు వైపు చూశాడు. నేను గాజుపెట్టె తాళం తీశాను. "పాత రాతిపలక" అని చీటీ అంటించిన దాన్ని ఆయన రెండు చేతుల్లో పెట్టాను. అంచు తడిమాడు, గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మొహం వాడిపోయింది.

"ఇది రేకుపలక. దీనికి గాజుపెట్టె గూడానా?"

చదువుకున్నవాళ్లం ఇంతమందిమి రోజూ చూస్తూనే ఉన్నాం!

"తప్పయిపోయింది పెదనాయనా" అన్నాను. ఆ మాటకు మాత్రం గొంతు దానంతటదే తగ్గింది.

మరుసటి వారం ఆయన కూతురితో అసలైన రాతిపలక ఒకటి పంపించాడు. దాన్ని గాజుపెట్టెలో కాకుండా బల్ల మీదే పెట్టాను. స్కూలు పిల్లలు కళ్లు మూసుకుని తడిమేవాళ్లు, గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాళ్లు. గాజుపెట్టె ఖాళీగా ఉండకూడదని పైనుంచి ఉత్తరం వస్తే, రేకుపలకను మళ్లీ అందులోనే పెట్టి, "రేకుపలక" అని చీటీ మార్చాను.